సింగపూర్‌లో ఇంటికి హైననీస్ చికెన్ రైస్ తెప్పించుకుంటున్నారా? కోడి విడిగా, అన్నం విడిగా చెప్పండి

నమస్తే అండి. శనివారం మధ్యాహ్నం పుంగోల్‌లోని మీ ఫ్లాట్‌లో మీతో కలిపి ఎనిమిది మందికి భోజనం అన్నారు. ఊరి నుంచి వచ్చిన మీ అత్తగారికి, మామగారికి హైననీస్ చికెన్ రైస్ (నీళ్ళలో ఉడికించిన కోడి, ఆ నీళ్ళతోనే వండిన అన్నం) మొదటిసారి రుచి చూపించాలి, మిగతావాళ్ళలో ఇద్దరు శాకాహారులు, ఒక ఆరేళ్ళ పాప. ఎక్కడ ఆర్డర్ పెట్టాలి, ఎంత పెట్టాలి, పక్కన ఏమేం తెప్పించాలి అని అడిగారు. నేను సింగపూర్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. చుట్టాలొచ్చినప్పుడు మా ఇంట్లో ఈ భోజనం తప్పకుండా ఉంటుంది, అదీ దాదాపు ఎప్పుడూ బయట నుంచి తెప్పించినదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట గట్టిగా చెప్తాను: ఎనిమిది ప్లేట్లు ఆర్డర్ పెట్టకండి. యాప్‌లో మొదట కనిపించేది ఒక్కొక్కరికి ఒక్కో డబ్బా. అడుగున పొగలు కక్కే అన్నం, దాని మీద కోసిన చికెన్, పక్కన కీరా ముక్కలు, పైన గట్టిగా మూత. షాపులో కూర్చుని తినేటప్పుడు ఆ అమరిక బాగుంటుంది. డబ్బాలో ముప్పావు గంట ప్రయాణం చేస్తే మాత్రం ఆవిరికి కీరా వాడిపోతుంది, చికెన్ చర్మం కరిగి జారిపోతుంది, సాస్ అంతా అన్నంలోకి దిగి ముద్దైపోతుంది. మొత్తం కోడి, అర కోడి అని విడిగా అమ్మే షాపు చూసుకోండి. చికెన్ ఒక ట్రేలో, అన్నం విడిగా, సాస్‌లు విడిగా రావాలి. ఇంట్లో పెద్ద పళ్ళెంలో మీరే సర్దుకోవాలి.

దీనికి కారణం ఆ వంట చేసే పద్ధతిలోనే ఉంది. కోడిని అల్లం, ఉల్లికాడలు వేసిన నీళ్ళలో సన్నని వేడి మీద ఉడికిస్తారు. తెర్లనివ్వరు. చాలామంది మంట కట్టేసి ఆ వేడి నీళ్ళలోనే కోడిని అలా ఉంచేస్తారు. ఉడికాక తీసి వెంటనే ఐసు నీళ్ళలో ముంచుతారు. దాంతో ఉడకడం అక్కడికక్కడే ఆగిపోతుంది, మాంసం మెత్తగా, రసంతో నిలుస్తుంది, చర్మం కింద సన్నని జెల్లీ పొర గడ్డకడుతుంది. ఆ పొర కోసమే ఇక్కడివాళ్ళు షాపు తర్వాత షాపు మారుతుంటారు. కోడి కొవ్వు కరిగించి, అందులో వెల్లుల్లి, అల్లం వేయించి, బియ్యాన్ని కాసేపు వేపి, కోడి ఉడికిన నీళ్ళే ఎసరుగా పోసి, పాందాన్ అనే సువాసన ఆకు వేసి అన్నం వండుతారు. అంటే చికెన్ గది వేడిలోనే ఉండాల్సిన పదార్థం, అన్నం మాత్రం వేడివేడిగా ఉండాలి. రెండూ ఒకే డబ్బాలో పెడితే రెండూ పాడవుతాయి.

మీ అత్తగారికి, మామగారికి ఈ సంగతి భోజనానికి కూర్చోకముందే చెప్పండి. మనవాళ్ళకు చల్లారిన చికెన్ అంటే నిలవ ఉన్నదేమో అనిపిస్తుంది. పసుపు, కారం లేని తెల్లటి ముక్కలు చూసి ఉడికిందో లేదో అని అనుమానపడతారు. దీన్ని ఇలాగే తింటారని ముందే తెలిస్తే మనసు పెట్టి తింటారు. మా ఇంట్లో పెద్దవాళ్ళకు ముందు ఉత్త అన్నమే రెండు ముద్దలు పెడతాను. వెల్లుల్లి, అల్లం, కొవ్వు కలిసిన ఆ వాసన తగలగానే అనుమానాలు సగం తీరిపోతాయి. నా దృష్టిలో ఈ భోజనానికి ప్రాణం అన్నమే. అన్నం బాగోలేని షాపులో కోడి ఎంత మెత్తగా ఉన్నా నేను రెండోసారి ఆర్డర్ పెట్టను.

మామగారు కథలు వినే మనిషైతే ఇది కూడా చెప్పండి. చైనా దక్షిణాన ఉన్న హైనాన్ ద్వీపంలో వెన్‌చాంగ్ కోడి పేరున్నది. అక్కడి నుంచి వలస వచ్చినవాళ్ళు సింగపూర్‌లో మిడిల్ రోడ్, పర్విస్ స్ట్రీట్, సీయా స్ట్రీట్ చుట్టూ స్థిరపడ్డారు. హొక్కియన్, టియోచ్యూ అనే వేరే చైనా ప్రాంతాలవాళ్ళు వాళ్ళకంటే ముందే వచ్చి వ్యాపారాల్లో కుదురుకున్నారు. దాంతో హైనాన్ వాళ్ళలో చాలామంది బ్రిటిష్ దొరల ఇళ్ళలో, హోటళ్ళలో వంటవాళ్ళుగా చేరారు. మొదట్లో ఈ చికెన్ రైస్‌ను వీధుల్లో తిరుగుతూ అమ్మేవారు. మిడిల్ రోడ్డులోని స్వీ కీ రెస్టారెంటు దీనికి ఊరంతా పేరు తెచ్చి, 1997లో మూతపడింది. ఇంటిని వదిలి వచ్చినవాళ్ళు కొత్త ఊళ్ళో దొరికిన సరుకుతో తమ ఊరి వంటను నిలబెట్టుకున్నారు. మనకూ తెలిసిన సంగతే కాబట్టి నాకు ఇది చెప్పడం ఇష్టం.

ఇక షాపు. పేరున్నవి చాలానే ఉన్నాయి: మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్‌లో తియన్ తియన్, చాలా చోట్ల శాఖలున్న బూన్ టాంగ్ కీ, వీ నామ్ కీ. అక్కడికి వెళ్ళి తినడానికి ఇవి మంచివే. ఇంటికి తెప్పించుకునేటప్పుడు మాత్రం నేను పేరు కంటే దూరం చూస్తాను. మాక్స్‌వెల్ నుంచి పుంగోల్‌కు రావాలంటే ఊరి ఒక కొస నుంచి ఇంకో కొసకు వచ్చినట్టే. మీకు మూడు నాలుగు కిలోమీటర్ల లోపల, పుంగోల్, సెంకాంగ్, హౌగాంగ్ వైపు ఉన్న షాపే మేలు. శనివారం లోపు ఒకసారి మీరు మాత్రం వెళ్ళి ఒక ప్లేటు తిని చూడండి. హాకర్ సెంటర్లో, అంటే చిన్న తిండి స్టాళ్ళన్నీ ఒకే చోట ఉండే దగ్గర, నాలుగైదు డాలర్లతో అయిపోతుంది. అన్నం మెతుకు మెతుకుగా ఉండి మెరుస్తోందా, చిల్లీ సాస్ ఆ రోజు రుబ్బినదేనా అన్నది చూడండి. నచ్చితే అక్కడే కౌంటర్ దగ్గర మొత్తం కోడి ఇస్తారా, శనివారం ఎన్నింటికి తెరుస్తారు అని అడిగేయండి. చిన్న స్టాళ్ళలో కోడి అయిపోగానే షట్టర్ దించేస్తారు, కొన్నింటికి వారంలో సెలవు రోజు కూడా ఉంటుంది. యాప్‌లో తెరిచి ఉన్నట్టు కనిపించినా ఆర్డర్ రద్దయ్యే ప్రమాదం ఉంది. చుట్టాలు ఇంట్లో కూర్చుని ఉండగా అలా జరిగితే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

షాపువాళ్ళను ఇంకో మాట అడగండి. చాలా చికెన్ రైస్ స్టాళ్ళలో చార్ సియూ (తీపి పూత పట్టించి కాల్చిన పంది మాంసం), రోస్ట్ పోర్క్ కూడా అమ్ముతారు. అవీ ఇవీ ఒకే చెక్క మీద, ఒకే కత్తితో కోస్తారు. మీ ఇంట్లో పంది మాంసం తినని వాళ్ళుంటే కోడి మాత్రమే అమ్మే షాపు చూడండి. మలయ్ పక్కింటివాళ్ళను కూడా పిలుస్తుంటే ముయిస్ (సింగపూర్ ఇస్లామిక్ మత మండలి) ఇచ్చే హలాల్ సర్టిఫికెట్ ఉందో లేదో చూడాలి. ‘పోర్క్ లేదు, లార్డ్ (పంది కొవ్వు) లేదు’ అని బోర్డు ఉన్నంత మాత్రాన అది హలాల్ అయినట్టు కాదు.

ఎంత పెట్టాలంటే, శాకాహారులు పోగా మీరు ఆరుగురు, అందులో ఒకరు పాప. ఒక మొత్తం కోడి నలుగురైదుగురికి సరిపోతుంది. నేనైతే ఒక మొత్తం తెల్ల కోడి (పైన చెప్పిన ఉడికించినది), ఒక అర రోస్ట్ కోడి చెప్తాను. తెల్లదే అసలైనది, కానీ మొదటిసారి తినేవాళ్ళకు ఆ మెత్తని చర్మం అందరికీ నచ్చదు. వేయించి ఎర్రబడిన చర్మం ఉన్న రోస్ట్ కోడి పక్కన ఉంటే వాళ్ళు ఖాళీ ప్లేటుతో ఉండరు. ఎముకతోనా, ఎముక తీసా అని అడిగితే పాపకు, మీకు ఎముక తీసినది హాయి. మన పెద్దవాళ్ళు ఎముక చుట్టూ మాంసమే ఇష్టపడతారు కాబట్టి మొత్తం కోడిని ఎముకతోనే కోయించి, అర కోడిని ఎముక తీయించండి. రొమ్ము భాగం త్వరగా ఆరిపోతుంది. అదనంగా పావు కోడి తీసుకునేటట్టయితే తొడ, కాలు ఉన్న కింది భాగం అడగండి.

అన్నం దగ్గర పిసినారితనం వద్దు. షాపులో ఒక పోర్షన్ అంటే బోర్లించిన చిన్న గిన్నెడు. మనవాళ్ళు మారు వడ్డించుకోకుండా లేవరు. ఆరుగురికి ఎనిమిది పోర్షన్లు చెప్పండి. మిగిలినా ఇబ్బంది లేదు, ఎలా వాడాలో కింద చెప్తాను.

చిల్లీ సాస్ అదనంగా అడగడం మరిచిపోవద్దు. విడిగా డబ్బులు తీసుకున్నా సరే తీసుకోండి. ఎర్ర మిరపకాయలు, వెల్లుల్లి, అల్లం రుబ్బి, కోడి నీళ్ళు, కలమాన్సీ నిమ్మరసం కలిపి చేస్తారు. పుల్లగా, ఘాటుగా ఉంటుంది, మనవాళ్ళకు ముందు నచ్చేది ఇదే. దానితో పాటు అల్లం ముద్ద, చిక్కటి నల్ల సోయా సాస్ ఉంటాయి. మూడూ చిన్న గిన్నెల్లో పోసి పెట్టండి. ఒక ముక్కను మూడింటిలో ఒక్కోసారి అద్ది తినమనండి. ఆవకాయ అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. ఇవ్వండి, పెద్దవాళ్ళ నోటికి అడ్డం చెప్పకూడదు. కాకపోతే మొదటి నాలుగు ముద్దలు చిల్లీ సాస్‌తో తిన్నాకే జాడీ బయటికి తీయండి. ఆవపిండి ఘాటు ముందు ఆ అన్నం వాసన నిలవదు.

పక్క వంటకాలు ఎంచుకునేటప్పుడు ఈ భోజనంలో ఏది తక్కువో అది చూస్తాను. చికెన్ మెత్తన, అన్నం మెత్తన, రెండింటిలో కొవ్వుంది. కాబట్టి పక్కన ఒక ఆకుకూర, ఒక పుల్లటిది, ఒక కరకరలాడేది ఉంటే చాలు. ఆకుకూరల్లో ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల్లోని జీవితో చేసే సాస్) వేసిన కైలాన్ నా మొదటి ఎంపిక. కాడలు గట్టిగా ఉంటాయి, దారిలో వాడిపోవు. మొలకలు, అంటే ఇక్కడ టావ్‌గే అనేది, షాపులో తాజాగా బాగుంటుంది కానీ డబ్బాలో నీరు వదిలేస్తుంది. కంగ్‌కోంగ్ అంటే మన తూటికూరే. సంబల్ అనే మిరపకాయ ముద్ద వేసి వేయిస్తారు, మీ అత్తగారు చూడగానే గుర్తుపడతారు. పుల్లటిదానికి ఆచార్: కీరా, క్యారెట్, క్యాబేజీ, అనాస ముక్కలు వెనిగర్‌లో ఊరి, పైన వేరుశనగ పొడి, నువ్వులు వేసి వస్తుంది. చల్లగా తినేదే కాబట్టి ప్రయాణంలో దానికేమీ కాదు. చాలామంది దీన్ని పట్టించుకోరు, నాకు మాత్రం చికెన్ రైస్ పక్కన ఇది లేకపోతే భోజనం పూర్తయినట్టు ఉండదు.

సోయా సాస్‌లో ఉడికించిన టౌక్వా, గుడ్లు కూడా తెప్పించండి. టౌక్వా అంటే గట్టి టోఫు. పాపకు గుడ్డు, కొంచెం అన్నం, కీరా ఉంటే కడుపు నిండిపోతుంది. కార్జం, కందనకాయ ఇష్టపడేవాళ్ళుంటే కొన్ని షాపుల్లో చిన్న ప్లేటు విడిగా ఇస్తారు, మా ఇంట్లో ముందు ఖాళీ అయ్యేది అదే. కరకరలాడే వాటిలో రొయ్యల ముద్ద పట్టించి వేయించిన చికెన్ వింగ్స్ బాగుంటాయి. అయితే వేపుడు ఏదైనా డబ్బాలో మెత్తబడక తప్పదు. వచ్చాక ఎయిర్ ఫ్రయర్‌లో 180 డిగ్రీల దగ్గర నాలుగైదు నిమిషాలు పెడితే మళ్ళీ గట్టిపడతాయి. ఎయిర్ ఫ్రయర్ లేకపోతే వేపుళ్ళ జోలికి వెళ్ళకండి. సూప్ విడిగా డబ్బులిచ్చి కొనేంత గొప్పగా ఉండదు. ఇస్తే తీసుకుని, గిన్నెలో మరిగించి వడ్డించండి.

ఇప్పుడు శాకాహారుల సంగతి. దీని గురించి నేను గట్టిగానే చెప్తాను, ఎందుకంటే తెలియక చాలామంది వాళ్ళకు ఆ అన్నమే పెట్టేస్తారు. కోడి కొవ్వులో వేపి, కోడి నీళ్ళతో వండిన అన్నం అది. చికెన్ ముక్క లేకపోయినా వాళ్ళు తినేది కాదు. ఆకుకూరలో ఆయిస్టర్ సాస్ ఉంటుంది, సంబల్‌లో బెలచాన్ అనే రొయ్యల ముద్ద ఉంటుంది, చిల్లీ సాస్‌లో కోడి నీళ్ళు ఉంటాయి, కీరా మీద పోసే సాస్‌లోనూ అవే ఉండొచ్చు. గుడ్లను, టోఫును కూడా చాలా చోట్ల మాంసం ఉడికిన సాస్‌లోనే ఉడికిస్తారు. అందుకని ఈ షాపు నుంచి వాళ్ళకు ఏమీ పెట్టకండి. రెండు దారులున్నాయి. చైనీస్ శాకాహార స్టాళ్ళలో సోయాతో చేసిన ‘వెజ్ చికెన్ రైస్’ దొరుకుతుంది, మిగతావాళ్ళతో పాటు అదే రకం భోజనం చేసినట్టుంటుంది. లేదా సెరంగూన్ రోడ్డులోని కోమల విలాస్, ఆనంద భవన్ లాంటి మన శాకాహార హోటళ్ళ నుంచి భోజనం తెప్పించండి. పెద్దవాళ్ళు నిష్ఠగా ఉండేవాళ్ళయితే రెండోదే నయం. ఇంట్లో కుక్కర్‌లో కాస్త తెల్లన్నం, పప్పు పెట్టుకున్నా పెద్ద పనేం కాదు. వాళ్ళ గరిటెలు, గిన్నెలు విడిగా ఉంచండి.

ఎముక దగ్గర ఎర్రగా కనిపిస్తే ఏం చేయాలి అన్నది మీరు అడగలేదు కానీ ఆ ప్రశ్న భోజనాల దగ్గర వస్తుంది. లేత కోళ్ళ ఎముకల్లోని మూలుగ రంగు ఉడికేటప్పుడు పక్క మాంసానికి అంటుతుంది. అందువల్ల బాగా ఉడికిన కోడిలో కూడా ఎముక పక్కన గులాబీ రంగు ఉండొచ్చు. రంగును బట్టి మాత్రమే పచ్చిదని అనుకోనక్కర్లేదు. కీలు దగ్గర మాంసం గాజులా పారదర్శకంగా, జిగటగా ఉండి నెత్తురు నీళ్ళు కారుతుంటే మాత్రం అది ఉడకనట్టే. ఆ ముక్కలను మరిగే సూప్‌లో వేసి పూర్తిగా ఉడికించండి. వచ్చేవాళ్ళలో గర్భిణి ఉంటే, లేదా ఒంట్లో నలతగా ఉన్నవాళ్ళుంటే వాళ్ళకు తెల్లది వద్దు, రోస్ట్ కోడినే మళ్ళీ బాగా వేడి చేసి పెట్టండి.

యాప్ విషయం త్వరగా చెప్పేస్తాను. గ్రాబ్, ఫుడ్‌పాండా రెండింటిలోనూ షాపు కౌంటర్ ధర కంటే ఎక్కువే కనిపిస్తుంది, దాని మీద డెలివరీ ఫీజు, ప్లాట్‌ఫామ్ ఫీజు. రెండూ తెరిచి మొత్తం బిల్లు పోల్చి చూడండి. శనివారం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర దాకా రద్దీ, వాన పడితే ఇంకా ఆలస్యం. పన్నెండున్నరకు తినాలనుకుంటే పదకొండుంపావు, పదకొండున్నర మధ్య డెలివరీ పడేటట్టు ముందు రోజే షెడ్యూల్ చేయండి. ‘సాస్ విడిగా’, ‘ఎముక తీయండి’ లాంటివి నోట్‌లో రాస్తే రద్దీ వేళ షాపులో చదివే తీరిక ఉండదు. మెనూలో ఆప్షన్‌గా ఉన్నది నొక్కండి, లేనిది ఫోన్ చేసి చెప్పండి. ఒకసారి ఒక షాపు నుంచి మాకు చికెన్ అంతా వచ్చి అన్నం సంచీ రాలేదు. రైడర్ వెళ్ళేలోపే సంచులు విప్పి చూసుకోవడం అప్పటి నుంచి అలవాటైంది. బ్లాక్ నంబరు, అంతస్తు, ఏ లిఫ్ట్ లాబీ అన్నది స్పష్టంగా రాయండి, పాపం రైడర్లు అక్కడే తిరుగుతుంటారు.

నిజానికి షాపు దగ్గరలోనే ఉంటే ఇంట్లో ఒకరు వెళ్ళి తెచ్చుకోవడం ఇంకా మంచిది. కౌంటర్ ధరకే వస్తుంది. మొత్తం కోడి కోస్తున్నప్పుడు పక్కనే నిలబడి ఎలా కావాలో చెప్పొచ్చు. అన్నానికి మూత గట్టిగా ఉండే మీ హాట్‌బాక్స్ తీసుకెళ్ళండి. ఇంటికి వచ్చాక కూడా వేడిగానే ఉంటుంది.

ఇంటికి చేరాక అన్నం చల్లారి ఉంటే రెండు చెంచాల సూప్ చిలకరించి మైక్రోవేవ్‌లో వేడి చేయండి. తెల్ల చికెన్‌ను మాత్రం మైక్రోవేవ్‌లో పెట్టకండి, జెల్లీ కరిగిపోయి, రొమ్ము ముక్కలు పీచులా అవుతాయి. కీరా తాజాగా ఇంట్లోనే తరిగి పళ్ళెంలో పరిచి, దాని మీద ముక్కలు సర్ది, వాళ్ళిచ్చిన సోయా, నువ్వుల నూనె సాస్ తినే ముందు మాత్రమే పోయండి. పైన కొత్తిమీర.

చికెన్ గది వేడిలో ఉండే పదార్థం అన్నాను కదా అని సాయంత్రం దాకా బల్ల మీద వదిలేయకండి. వండిన దగ్గర నుంచి నాలుగు గంటల్లో తినేయాలన్నది ఇక్కడి ఫుడ్ ఏజెన్సీ చెప్పే లెక్క. షాపులో కోడి ఎప్పుడు ఉడికిందో మనకు తెలియదు కాబట్టి భోజనం అవగానే మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టేయండి. రాత్రికి ఆ ఎముకలు, అల్లం ముక్క వేసి అరగంట మరిగించి వడకట్టి, మిగిలిన అన్నం అందులో మెత్తగా జావలా ఉడికించి, చికెన్ చీలికలు వేసి బాగా తెర్లించండి. పైన మిరియాల పొడి, వేయించిన వెల్లుల్లి చల్లండి. ప్రయాణం చేసి వచ్చిన పెద్దవాళ్ళకు రాత్రిపూట అంత తేలికైన భోజనం ఇంకోటి ఉండదు. శనివారానికి మీరు చూసుకున్న షాపు పేరు ఇక్కడ రాస్తే, మొత్తం కోడికి ఏ ఆప్షన్ నొక్కాలో మెనూ చూసి చెప్తాను.